మీ హాలుకు తగిన సరౌండ్ సౌండ్‌బార్: కొనే ముందు చూడవలసినవి, కొన్నాక చేయవలసినవి

టీవీలు పలచబడిన కొద్దీ వాటి గొంతూ పలచబడింది. అంత సన్నని పలకలో పెద్ద స్పీకరు పట్టదు కనుక చిన్న చిన్న స్పీకర్లను అడుగున నేలవైపు తిప్పి బిగిస్తున్నారు. పాట వస్తే తగ్గించాలి, మాట వస్తే పెంచాలి. సినిమా అయ్యేదాకా రిమోట్ చేతిలోంచి దిగదు. సౌండ్‌బార్, అంటే టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకరు, కొనాలనుకునే చాలా ఇళ్లలో అసలు ఇబ్బంది ఇదే. తీరా దుకాణంలో అడుగుపెట్టగానే ఆ సంగతి మరుగునపడి, వాట్లూ చానళ్లూ లెక్కపెట్టడం మొదలవుతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా చూస్తే గుండె అదిరినట్టు ఇంట్లోనూ అదరాలనిపిస్తుంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ వరుస తప్పకూడదు. మొదట మాట స్పష్టంగా వినపడాలి. తర్వాత వెనక నుంచి నిజంగా శబ్దం రావాలి. పైకప్పు మీద నుంచి వాన కురిసినట్టు వినిపించే హంగు ఆ తర్వాతే. డబ్బు కూడా ఈ వరుసలోనే ఖర్చు పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

మొదటి అడుగు: టేపు తీసుకుని హాలు కొలవండి

పెట్టె మీది అంకెల కంటే ముందు ఇల్లు చూసుకోవాలి. టీవీ నుంచి సోఫాలో కూర్చున్నవారి తల దాకా ఎంత దూరం, సోఫా వెనక గోడ దాకా ఎంత ఖాళీ ఉంది, నేల నుంచి సీలింగ్ ఎంత ఎత్తు, సోఫాకు రెండు పక్కలా ఏమున్నాయి. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి. హాలు ఫొటోలు రెండు ఫోనులో ఉంచుకోండి. దుకాణంలో ఇవే అక్కరకొస్తాయి.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో హాలూ డైనింగూ చాలావరకు కలిసే ఉంటాయి. సోఫాకు ఒక పక్క గోడ, మరో పక్క డైనింగ్ టేబులు, దాని వెనక వంటగది ద్వారం. శబ్దాన్ని పక్క గోడలకు కొట్టించి, అది తిరిగి వచ్చేటప్పుడు వెనక నుంచి వచ్చినట్టు భ్రమ కలిగించే బార్లు ఇలాంటి హాలులో సగం పనే చేస్తాయి. గోడ ఉన్న వైపు శబ్దం తిరిగొస్తుంది, లేని వైపు వంటగదిలోకి వెళ్లిపోతుంది. మన ఇళ్లలో విడిగా వెనక స్పీకర్లున్న సెట్టునే నమ్ముకోమని చెప్పడానికి ఇదే ముఖ్య కారణం.

ఇక నేల సంగతి. నున్నటి టైల్స్, సిమెంటు గోడలు, బాల్కనీకి పెద్ద గాజు తలుపు: ఇవన్నీ శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పికొడతాయి. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు అక్కడికక్కడే ఆగిపోతే మంచిది. ఖంగుమంటూ సాగితే ఎంత ఖరీదైన బార్ పెట్టినా మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మందు ఖరీదైనదేమీ కాదు. టీవీకీ సోఫాకూ మధ్య ఒక దళసరి తివాచీ, బాల్కనీ తలుపుకు బరువైన కర్టెన్, వీలుంటే పక్క గోడకు పుస్తకాల అలమర. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీ కూడా ఈ పనికి పనికొస్తుంది. పలచనిదైతే కింద ఒక ఫెల్టు పరచండి. సౌండ్‌బార్‌కు ఇరవై వేలు పెట్టేవారు ఇందుకోసం రెండు మూడు వేలు పక్కన పెట్టుకుంటే ఆ ఇరవై వేలకూ విలువ వస్తుంది.

తర్వాత తల ఎత్తి చూడండి. పైకి శబ్దం వదిలే స్పీకర్లున్న బార్ కొనాలనుకుంటే ఆ శబ్దం సీలింగ్‌కు తగిలి సోఫా మీదికి దిగాలి. బార్‌కూ మీ తలకూ నడుమ ఇంచుమించు సగం దూరంలో అది సీలింగ్‌ను తాకుతుంది. ఆ చోట ఏముంది? చాలా హాళ్లలో ఫ్యాను ఉంటుంది. లేదా ఫాల్స్ సీలింగ్‌లో లైట్ల కోసం వదిలిన లోతైన గాడి ఉంటుంది. ఇవి రెండూ శబ్దాన్ని చెదరగొడతాయి. సీలింగ్ చదునుగా, గట్టిగా ఉండాలని, ఎత్తు ఏడున్నర నుంచి 12 అడుగుల లోపు ఉంటే మేలని సరౌండ్ శబ్ద పద్ధతులను రూపొందించే డాల్బీ సంస్థ సూచిస్తోంది. మన ఫ్లాట్లలో ఎత్తు ఎలాగూ ఆ లోపే ఉంటుంది కనుక చిక్కు ఎత్తుతో కాదు, డిజైన్‌తోనే.

చివరగా ప్లగ్గులు. వైర్‌లెస్ వెనక స్పీకర్లంటే వైరే ఉండదని చాలామంది అనుకుంటారు. బార్ నుంచి శబ్దం గాలిలో వస్తుంది కానీ, చాలావాటికి కరెంటు గోడలోంచే రావాలి. సోఫా వెనక ప్లగ్ పాయింటు ఉన్న ఇళ్లు తక్కువ. ఇంటీరియర్ పని ఇంకా మొదలు కాని కొత్త ఫ్లాటైతే ఇప్పుడే ఎలక్ట్రీషియన్‌కు చెప్పి సోఫాకు రెండు పక్కలా ఒక్కో పాయింటు పెట్టించుకోండి. టీవీ ప్యానెల్ వెనక నుంచి కింది బల్ల దాకా, బొమ్మనూ శబ్దాన్నీ మోసే హెచ్‌డీఎంఐ తీగ ప్లగ్గు దూరేంత వెడల్పు పైపు కూడా వేయించండి. గోడ మూసేశాక దానికోసం మళ్లీ పగలగొట్టడం కంటే దండగ పని లేదు.

రెండో అడుగు: అంకెలు చదవడం

5.1.2 అని ఉంటే మొదటి అంకె మన చెవి ఎత్తులో శబ్దమిచ్చే చానళ్లు (విడివిడిగా వచ్చే శబ్దాలు), రెండోది గుమ్ము శబ్దమిచ్చే సబ్‌వూఫర్ పెట్టె, మూడోది పైకి చూసే చానళ్లు. 2.1లో ఎడమ, కుడి, సబ్‌వూఫర్ మాత్రమే. 3.1లో మధ్య చానల్ అదనం. సినిమాలో మాటలు ముఖ్యంగా ఈ మధ్య చానల్ నుంచే వస్తాయి. ఇంట్లో పెద్దవారికి డైలాగులు వినపడటమే ముఖ్యమైతే, మిగతా హంగులేవీ లేకపోయినా 3.1 చాలు. అది 2.1 కంటే చాలా మెట్లు పైన ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పెట్టె మీద 5.1 అని ఉన్నంత మాత్రాన వెనక స్పీకర్లు ఉన్నట్టు కాదు. ఐదు చానళ్లూ బార్‌లోనే ఉన్నాయని, మిగిలినది ప్రాసెసింగ్ చూసుకుంటుందని అర్థం కావచ్చు. అందుకే దుకాణదారుణ్ణి ఒకే ప్రశ్న అడగండి: పెట్టెలో మొత్తం ఎన్ని వస్తువులున్నాయి? బార్ ఒకటి, సబ్‌వూఫర్ ఒకటి, వెనక స్పీకర్లు రెండు. ఈ నాలుగూ ఉంటేనే నేను దాన్ని సరౌండ్ అంటాను.

వాట్ల గురించి ఎక్కువ ఆలోచించకండి. 300 వాట్లది 600 అయితే శబ్దం రెట్టింపు కాదు. 3 డెసిబెల్స్ పెరుగుతుంది, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల శక్తి కావాలి. పీఎంపీవో అని, అంటే క్షణకాలపు గరిష్ఠ శక్తి లెక్కన, వేల వాట్లు ముద్రించిన పెట్టెను పక్కన పెట్టేయండి. నిలకడగా ఇచ్చే శక్తిని చెప్పే ఆర్ఎంఎస్ లెక్క ఒక్కటే చూడాలి. అది కూడా రెండు సెట్లలో ఏదో ఒకటి తేల్చుకోవడానికి ఆధారం కాకూడదు.

డాల్బీ అట్మాస్ 2012లో సినిమా హాళ్లలో మొదలైంది. శబ్దాన్ని ఫలానా స్పీకర్‌కు అని కాకుండా గదిలో ఫలానా చోటుకు అని రాసిపెట్టడం దాని పద్ధతి. ఆ చోటు ఎక్కడో లెక్కగట్టి, ఉన్న స్పీకర్లతోనే అక్కడ వినిపించే పని మీ బార్‌ది. స్పీకర్లు లేని చోట లెక్క ఎంత బాగున్నా ఉపయోగం తక్కువ. పెట్టె మీద అట్మాస్ ముద్ర ఉండి రెండు చానళ్లే ఉన్న బార్ కంటే, ఆ ముద్ర లేకుండా నిజమైన వెనక స్పీకర్లున్న 5.1 సెట్టు మన హాలులో మెరుగ్గా పలుకుతుంది.

మూడో అడుగు: టీవీ వెనక్కి తొంగిచూడండి

టీవీకి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఒకదాని పక్కన ఆర్క్ (ARC) అనో, ఈఆర్క్ (eARC) అనో రాసి ఉంటుంది. టీవీ శబ్దాన్ని బార్‌కు పంపే దారి అదే. సౌండ్‌బార్‌ను దానికే కలపాలి, మిగతా వాటికి కలిపితే శబ్దం రాదు. ఆర్క్ 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. ఈఆర్క్ 2017లో ప్రకటించిన హెచ్‌డీఎంఐ 2.1లో భాగం. తేడా అంతా ఎంత సమాచారం పడుతుందన్న దానిలోనే ఉంది. ఆర్క్ దారి ఇరుకు, సరౌండ్ శబ్దం కుదిస్తేనే వెళుతుంది. ఈఆర్క్ సెకనుకు 37 మెగాబిట్ల దాకా మోస్తుంది కనుక కుదించని బ్లూరే శబ్దం కూడా పడుతుంది.

మరి ఈఆర్క్ లేకపోతే కొత్త టీవీ కొనాలా? అక్కర్లేదు. ఓటీటీలలో వచ్చే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన రూపంలో వస్తుంది. టీవీ దాన్ని బయటికి పంపగలిగితే ఆర్క్‌లో కూడా వెళుతుంది. బ్లూరే డిస్కులు చూసేవారికి, గేమింగ్ కన్సోల్ ఉన్నవారికి ఈఆర్క్ అవసరం. టీవీ పాతదై ఆర్క్ కూడా లేకపోతే ఆప్టికల్ తీగ ఉంది. అందులో సాధారణ 5.1 వెళుతుంది, అట్మాస్ వెళ్లదు. అలాంటి టీవీకి అట్మాస్ బార్ కొనేటట్టయితే, బార్‌కే హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉండి స్ట్రీమింగ్ పరికరాన్ని నేరుగా దానికి కలిపే వీలుందో లేదో చూడండి. ఆ వీలు లేకపోతే ఆ డబ్బు దండగ.

పెన్‌డ్రైవ్‌లో, డిస్కుల్లో సినిమాలు చూసేవారు ఇంకొకటి గమనించాలి. కొన్ని టీవీలు డాల్బీ లాంటిదే మరో పద్ధతి అయిన డీటీఎస్ శబ్దాన్ని చదవవు. శాంసంగ్ 2018 నుంచి తన టీవీల్లో దాన్ని ఇవ్వడం లేదు. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే బార్ పాడైందని కంగారుపడకండి. ప్లేయర్‌ను నేరుగా బార్‌కు కలిపితే తీరిపోతుంది, బార్ డీటీఎస్ చదివేదైతే.

నాలుగో అడుగు: ఏ ఇంటికి ఏది

పది పన్నెండు అడుగుల చిన్న గది, ఒకరిద్దరే చూస్తారు, సీరియళ్లూ వార్తలూ ఎక్కువ: 3.1 తీసుకోండి, మాటలను పైకి తెచ్చే డైలాగ్ మోడ్ ఉన్నది.

సొంత ఇల్లు, గోడకు కేసింగ్ పట్టీ వేయించడానికి అభ్యంతరం లేదు, ఖర్చు మాత్రం అదుపులో ఉండాలి: వైరుతో వచ్చే 5.1 సెట్టు ఇప్పటికీ మంచి బేరమే. సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ ఈ కోవలోది, వెనక స్పీకర్లకు తీగ లాగాలి. అదే సంస్థ హెచ్‌టీ-ఎస్40ఆర్‌లో వెనక ఒక చిన్న యాంప్లిఫయర్ పెట్టె ఉంటుంది. ముందు నుంచి వెనక్కి తీగ అక్కర్లేదు కానీ, ఆ పెట్టె నుంచి రెండు స్పీకర్లకూ తీగలు వెళ్లాలి, పెట్టెకు కరెంటు కావాలి. అంటే సోఫా వెనక ఒక్క ప్లగ్ పాయింటు ఉంటే సరిపోతుంది. నగరంలోని మధ్యతరగతి హాళ్లకు ఈ అమరిక బాగా కుదురుతుందని నా అనుభవం.

అద్దె ఇల్లు, మేకు కొట్టనివ్వని ఇంటి యజమాని: బ్యాటరీతో పనిచేసే వెనక స్పీకర్లు చూడండి. జేబీఎల్ బార్ 1000 లాంటి వాటిలో బార్ రెండు చివరలూ ఊడి వస్తాయి, వాటినే సినిమా వేళ సోఫా పక్కన పెట్టుకుంటారు. పనైపోయాక మళ్లీ బార్‌కు తగిలిస్తే చార్జ్ అవుతాయి. ఖరీదు ఎక్కువే. ఇల్లు మారినప్పుడల్లా కొత్తగా వైరింగ్ చేయించే ఖర్చు ఉండదు కనుక తరచూ మారేవారికి గిట్టుబాటే.

టీవీ, బార్ ఒకే కంపెనీవైతే టీవీ స్పీకర్లు కూడా బార్‌తో కలిసి పలికే సదుపాయం కొన్నింటిలో ఉంటుంది. శాంసంగ్ దాన్ని క్యూ-సింఫనీ అంటుంది, ఎల్‌జీ వావ్ ఆర్కెస్ట్రా అంటుంది. ఉంటే మంచిదే, దాని కోసమే కంపెనీని ఎంచుకోనక్కర్లేదు.

ఐదో అడుగు: దుకాణంలో వినడం

షోరూముల్లో వినిపించే నమూనా వీడియోలు బార్‌ను గొప్పగా చూపడానికే తయారైనవి. హెలికాప్టర్ తిరుగుతుంది, గాజు పగులుతుంది. వాటిని వినేసి నిర్ణయం తీసుకోకండి. మీకు బాగా తెలిసిన ఒక తెలుగు సినిమాలో ఇద్దరు ముగ్గురు మెల్లగా మాట్లాడుకునే సన్నివేశం, వెనక వానో సంగీతమో ఉన్నది, ఓటీటీలో తెరిపించి వినండి. వాల్యూమ్ మధ్యలో ఉంచి, ఆ మాటలు తెర మీది నోటి నుంచి వస్తున్నట్టున్నాయా, డబ్బాలోంచి వస్తున్నట్టున్నాయా అని కళ్లు మూసుకుని వినండి. తర్వాత ఒక పాట పెట్టించి సబ్‌వూఫర్ స్థాయి సగానికి తగ్గించమనండి. డోలు దెబ్బ దెబ్బగా వినిపిస్తే మంచి సబ్‌వూఫర్. ఒకటే గుంయ్‌మంటుంటే ఇంటికొచ్చాక తలనొప్పే.

ఆదివారం సాయంత్రం రద్దీలో ఏదీ సరిగ్గా వినపడదు. మామూలు రోజున పొద్దుటిపూట వెళ్లండి. దసరా, దీపావళి తగ్గింపులు నిజంగానే ఉంటాయి కనుక తొందర లేనివారు ఆగవచ్చు, కాకపోతే వినడం ముందే వినేసి పెట్టుకోండి. కొనే ముందు వెనక స్పీకర్లు పాడైతే విడిగా దొరుకుతాయా, సర్వీసు వాళ్లు ఇంటికొస్తారా, వారంటీ సబ్‌వూఫర్‌కూ వర్తిస్తుందా అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. గోడకు బిగించే బ్రాకెట్లు, స్పీకరు తీగ, పొడవైన హెచ్‌డీఎంఐ కేబులు లాంటి చిల్లర సామాను కోఠి గుజరాతీ గల్లీలో చూసి కొనుక్కోవచ్చు. ఈ ఒక్క విషయంలో షోరూముకు మొగ్గు చూపనక్కర్లేదు.

ఆరో అడుగు: అమర్చడం

బార్‌ను టీవీ కింద, కూర్చున్నవారి చెవి ఎత్తుకు వీలైనంత దగ్గరగా పెట్టండి. టీవీ యూనిట్ అరలోకి తోసేయకండి. పక్కలకూ పైకీ వెళ్లే శబ్దం చెక్కకు కొట్టుకుని అక్కడే ఉండిపోతుంది. బల్ల మీద పెడితే బార్ ముందు అంచు బల్ల అంచుకు సరిగ్గా రావాలి. అర అడుగు లోపలికి ఉన్నా బల్ల పలకకు తగిలి మాట మసకబారుతుంది. బార్ మీద బొమ్మలూ పూలకుండీలూ వద్దు.

వెనక స్పీకర్లు చాలామంది సోఫాకు బాగా వెనక, సీలింగ్‌కు దగ్గరగా బిగిస్తారు. సరైన చోటు అది కాదు. మీరు టీవీ వైపు చూస్తూ కూర్చున్నప్పుడు మీ భుజాల వరుస కంటే కొంచెం వెనక్కి, కోణం లెక్కలో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎత్తు చెవికంటే ఒకటి రెండు అడుగులు పైన. కూర్చున్నవారి చెవి నేల నుంచి మూడు, మూడున్నర అడుగుల్లో ఉంటుంది కనుక నాలుగున్నర, ఐదు అడుగుల మధ్య బిగిస్తే చాలు. సోఫా గోడకు ఆనుకునే ఉందా? వెనక స్పీకర్లు పక్కలకు తెచ్చి, సోఫా రెండు చివరలకూ అవతల, ఒకదానికొకటి ఎదురుగా చూసేలా పెట్టండి. వీలైతే సోఫాను ఒక అడుగు ముందుకు జరపండి. గోడకు తల ఆనించి వింటే గుమ్ము శబ్దం ఎక్కువై మిగతా వివరాలు తగ్గుతాయి. ఏ స్పీకరైనా పక్కన కూర్చున్నవారి చెవికి మూడడుగుల కంటే దగ్గరగా ఉండకుండా చూడండి, లేకపోతే వారికి అదొక్కటే వినిపిస్తుంది.

సబ్‌వూఫర్‌కు చోటు వెతకడం ఓపికతో చేయాల్సిన పని. గది కొలతలను బట్టి కొన్ని గుమ్ము స్వరాలు ఒకచోట ఉబ్బిపోతాయి, మరోచోట మాయమవుతాయి. శబ్దం సెకనుకు 343 మీటర్లు, అంటే సుమారు 1,125 అడుగులు వెళుతుంది. ఆ వేగాన్ని హాలు పొడవుకు రెట్టింపుతో భాగిస్తే, 15 అడుగుల పొడవున్న హాలులో దాదాపు 38 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనలు) దగ్గర, 12 అడుగులదైతే 47 హెర్ట్జ్ దగ్గర ఈ ఉబ్బు వస్తుంది. ఏ రిమోట్ బటనూ దీన్ని పూర్తిగా పోగొట్టలేదు, స్థానం మారిస్తేనే మారుతుంది. దీనికి ఒక పద్ధతి ఉంది. సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే సోఫా మీదే పెట్టండి. గుమ్ము బాగా ఉన్న పాట ఒకటి పదే పదే వచ్చేలా పెట్టండి. ఇప్పుడు మీరు వంగి, సబ్‌వూఫర్ పెట్టదగిన చోట్లన్నిటి దగ్గరా నేలకు దగ్గరగా తల ఉంచి వినండి. గోడ మూల దగ్గర గుంయ్‌మంటూ ఉబ్బుతుంది, రెండడుగులు జరిగితే సద్దుమణుగుతుంది, ఇంకోచోట స్వరాలన్నీ సమానంగా వినిపిస్తాయి. ఆ మూడో చోటే సబ్‌వూఫర్‌ది. అక్కడ మీకు బాగా వినిపించినదే, దాన్ని అక్కడ పెట్టాక మీ సోఫాలోనూ వినిపిస్తుంది.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అద్దాల షోకేసు ఉన్న ఇంట్లో సబ్‌వూఫర్ మంచి చోట కుదిరినా ఒక స్వరం దగ్గర సన్నగా జిర్రుమనే శబ్దం వస్తుంది. స్పీకరు చిరిగిందనుకుంటారు. చెవి షోకేసుకు ఆనించి వినండి. అద్దం గాడిలో వదులుగా ఉండి ఉంటుంది, లేదా రెండు స్టీలు గ్లాసులు తాకుతూ ఉంటాయి. కాగితం మడత ఒకటి గాడిలో దూర్చితే నిశ్శబ్దం.

ఏడో అడుగు: కలపడం, టీవీ సెట్టింగులు

ముందు టీవీ, బార్ రెండూ ఆపి హెచ్‌డీఎంఐ కేబులు ఆర్క్ లేదా ఈఆర్క్ అని ఉన్న రంధ్రాల మధ్య కలపండి. టీవీ సెట్టింగుల్లో సీఈసీ తెరవాలి. ఈ పేరు ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది: శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. ఇది తెరిస్తే టీవీ రిమోట్‌తోనే బార్ వాల్యూమ్ మారుతుంది.

ఎక్కువమంది ఆగిపోయేది తర్వాతి మెట్టు దగ్గర. శబ్దం సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అనే చోట పీసీఎం అని ఉంటే ఆర్క్‌లో రెండు చానళ్లే వెళతాయి. నాలుగు డబ్బాలు పెట్టుకుని స్టీరియో వింటున్న ఇళ్లు నాకు చాలానే కనిపించాయి. దాన్ని ఆటో గానీ, పాస్‌త్రూ గానీ, బిట్‌స్ట్రీమ్ గానీ చేయండి. ఈఆర్క్ మోడ్ ఉంటే ఆటోలో పెట్టండి. సెట్‌టాప్ బాక్సు శబ్దం సెట్టింగుల్లోనూ స్టీరియో నుంచి డాల్బీకి మార్చండి. అయినా మన చానళ్లలో చాలావాటి శబ్దం స్టీరియోలోనే వస్తుందని గుర్తుంచుకోండి. ఓటీటీలో చూసే సినిమాకు 5.1 లేదా అట్మాస్ గుర్తు ఉందో లేదో చూసుకోండి. నెట్‌ఫ్లిక్స్‌లో అట్మాస్ రావాలంటే ప్రీమియం ప్లాన్ ఉండాలి.

బార్ మీద చిన్న తెర ఉంటే ఏ శబ్దం వస్తోందో అక్కడే కనిపిస్తుంది. లేకపోతే ఫోను యాప్‌లో చూడండి.

ఎనిమిదో అడుగు: స్థాయిలు సరిచేయడం

పెట్టెలోంచి తీసిన స్థితిలో ఏ సెట్టూ మీ హాలుకు సరిగ్గా ఉండదు. కొన్నింటిలో మైకుతో గదిని కొలుచుకునే సదుపాయం ఉంటుంది. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అది నడపండి. తర్వాత పరీక్ష శబ్దం పెట్టి, ఫోనులో శబ్దం కొలిచే యాప్ తెరిచి, మీరు కూర్చునే చోట తల ఎత్తులో పట్టుకోండి. ఒక్కో స్పీకరు దగ్గర వచ్చే అంకె మిగతా వాటికి సమానమయ్యేదాకా స్థాయిలు మార్చండి. ఫోను యాప్ అంకె కచ్చితంగా నిజం కాకపోయినా, ఒకదానితో ఒకటి పోల్చడానికి చాలు.

అసలు సర్దుబాటు ఆ తర్వాత చెవితో చేయాలి. ఇంట్లో వినికిడి కొంచెం తగ్గినవారిని వారి మామూలు చోట కూర్చోబెట్టండి. మలక్‌పేటలో మా పెద్దమ్మ ఇంట్లో నేను ఇలాగే చేశాను. ఆమె సోఫాలో ఎడమ కొసన, కిటికీ పక్కన కూర్చుంటారు. మెల్లగా మాట్లాడుకునే సన్నివేశం పెట్టి, మధ్య చానల్ ఒక్కో మెట్టు పెంచుతూ పోయాను. ప్రతి మాట తర్వాత “ఏమన్నాడు నాయనా?” అని అడిగేవారు కాస్తా అడగడం మానేసి కథలో పడ్డారు. మెట్టు అక్కడ ఆపాను. కాసేపటికి తెర మీంచి కళ్లు తిప్పకుండానే, “ఆ పక్కనున్న డబ్బా కొంచెం తగ్గించు, చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టుంది” అన్నారు. ఎడమ వెనక స్పీకరు ఆమెకు మరీ దగ్గరగా ఉంది. దాన్ని రెండు మెట్లు తగ్గించి, ముఖం సోఫా మధ్యకు తిప్పాను. ఏ యాప్ కొలతా ఆ ఇబ్బందిని చెప్పలేదు.

వెనక స్పీకర్లు మామూలు సన్నివేశాల్లో ఉన్నాయని తెలియకూడదు. వాన, జనం, పక్క నుంచి దూసుకుపోయే బండి వచ్చినప్పుడు మాత్రమే తెలియాలి. సబ్‌వూఫర్‌ను పూర్తిగా తగ్గించి మెల్లగా పెంచుతూ, గుమ్ము బార్‌లోంచే వస్తున్నట్టు అనిపించే చోట ఆపండి. సబ్‌వూఫర్ ఉన్న మూల వైపు చూపు పోయిందంటే ఎక్కువైనట్టే.

స్టీరియోలో వచ్చే కార్యక్రమాలకు సరౌండ్ మోడ్ పెట్టుకోవచ్చు. కానీ ఘంటసాల కాలపు పాటలు ఎక్కువగా ఒకే చానల్‌లో రికార్డయినవి. వాటిని సరౌండ్‌గా సాగదీస్తే గొంతు గదంతా పరుచుకుని బలం పోతుంది. అప్పుడు స్టాండర్డ్ మోడ్‌లో వింటేనే ఆ గొంతుకు న్యాయం జరుగుతుంది.

చిన్న చిన్న చిక్కులు

పెదాలకూ మాటకూ పొంతన లేకపోతే ఆడియో డిలే లేదా లిప్ సింక్ అనే సెట్టింగు ఉంటుంది. మాట ముందే వస్తుంటే పెంచండి. వెనకబడితే టీవీలోనూ బార్‌లోనూ దాన్ని సున్నా చేసి చూడండి.

వైర్‌లెస్ స్పీకర్లు మధ్యమధ్య తెగిపోతుంటే వైఫై రూటరును వాటి పక్క నుంచి జరపండి. గుంయ్‌మనే హమ్ ఆగకపోతే సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ తీగను ఒకసారి పీకి చూడండి. ఆగిందంటే దోషం ఆ తీగది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే హమ్ వస్తుంటే, మీది ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ కాదేమో చూడండి.

కింది ఇల్లు, పక్క ఇల్లు

మాటలను గోడ ఆపుతుంది, గుమ్మును ఆపలేదు. అది శ్లాబ్‌లోంచి కిందికి దిగుతుంది. మీకు హాయిగా ఉన్న స్థాయి కింద నిద్రపోతున్న పసిపాపకు మంచం అదిరే స్థాయి కావచ్చు. సబ్‌వూఫర్ కింద దళసరి రబ్బరు ప్యాడ్ లేదా ఫోమ్ పలక వేయండి. గోడకు తాకనివ్వకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. పది దాటాక నైట్ మోడ్ పెట్టండి. పెద్ద శబ్దాలను తగ్గించి, మాటలను పైకి తెస్తుంది కనుక సినిమా ఏమీ పోదు. అమర్చిన తొలి వారంలోనే కింది ఇంటివారిని పిలిచి, వాళ్ల హాలులో ఎంత వినిపిస్తోందో వాళ్లనే అడగండి.

వానాకాలం ఉరుములు మొదలైతే బార్, సబ్‌వూఫర్, వెనక స్పీకర్ల ప్లగ్గులన్నీ పీకేయండి, డిష్ లేదా కేబుల్ తీగ కూడా. స్పైక్ బస్టర్ ఉన్నా సరే పీకండి. పిడుగు దూరంగా పడినా ఆ తీగ వెంట వచ్చి హెచ్‌డీఎంఐ రంధ్రాన్ని కాల్చేస్తుంది, అప్పుడు టీవీ, బార్ రెండూ సర్వీసు సెంటర్‌కు వెళ్లాల్సి వస్తుంది.